పదిహేను పైసల కార్డు, పదిహేను సెంట్ల కనెక్ట్

2021 మార్చి 15, సోమవారం. రాత్రి ఎనిమిదిన్నరకి డల్లాస్‌లో ఉన్న మా క్లయింటుతో కాల్. సాయంత్రం గ్రైండర్‌లో అట్లపిండి రుబ్బి, గిన్నెలోకి తీసి, చేతులు కడుక్కుని ఎనిమిది ఇరవైకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పది నిమిషాలు ముందే వచ్చానని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను కూడా. లోపలి గదిలో చార్జింగ్‌కి పెట్టిన ఫోన్ తెచ్చి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. గ్రైండర్ హోరులో ఒక్కటీ వినపడలేదు.

ముందురోజు ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు తిప్పారు. చలికాలంలో డల్లాస్‌లో ఉదయం తొమ్మిదంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. మార్చి రెండో ఆదివారం దాటిందంటే అదే తొమ్మిది మనకి ఏడున్నర. మన గడియారాలకి ఈ గోల లేదు కాబట్టి నాకు తట్టనే లేదు. ఆయన రియల్టర్, తెలుగాయనే. ఇల్లు చూడ్డానికి వచ్చిన దంపతులకి చూపించాల్సిన కాగితాల ఫైలు నా దగ్గర ఉండిపోయింది. వాళ్ళు అరగంట చూసి వెళ్ళిపోయారు. నేను ఆయన వర్చువల్ అసిస్టెంటుని, అంటే ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో ఆయన ఆఫీసు పనులు చూసిపెట్టేదాన్ని. నా పనల్లా ఆయనకి టైముకి గుర్తుచెయ్యడం. నెలాఖరున "ఏమనుకోకండి, ఇక్కడే ఒకమ్మాయిని పెట్టుకున్నాను" అని మెసేజ్ వచ్చింది. అనుకోవడానికి ఏముంది, తప్పు నాదే.

క్యాలెండర్లో ఆ మీటింగుని మన టైములో కాకుండా డల్లాస్ టైములో పెట్టి ఉంటే సరిపోయేది. గంట తేడా అదే సర్దుకునేది. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక క్లయింటు ఖర్చయ్యాడు. బ్రిటన్‌లో ఈ మార్పు మార్చి ఆఖరి ఆదివారం, అమెరికా కంటే రెండు మూడు వారాలు ఆలస్యంగా వస్తుంది. రెండు దేశాల్లోనూ క్లయింట్లు ఉన్నవాళ్ళకి ఆ మధ్య రోజుల్లో బుర్ర తిరుగుతుంది.

ఈ పనికి తెలుగులో ఏం పేరు పెట్టాలో మా ఇంట్లో చాలాకాలం తేలలేదు. మా అత్తగారు "కంప్యూటర్ పని" అంటారు. పక్కింటావిడ దృష్టిలో నాది కాల్ సెంటర్. మా నాన్న ఒకరోజు నా పక్కన కుర్చీ వేసుకుని అరగంట సేపు చూశాడు. ఒకరి ఉత్తరాలకి జవాబులు రాయడం, ఇంకొకరికి రావాల్సిన బాకీలు గుర్తుచెయ్యడం, మరొకరికి అపాయింట్‌మెంట్లు కుదర్చడం అంతా చూసి, "ఓస్, గుమాస్తా పనే కదమ్మా" అని తేల్చేశాడు. డిగ్రీ చదివి, ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పన్నెండేళ్ళు చేసి, అత్తగారి ఆరోగ్యం కోసం 2019లో మానేసినదాన్ని. ఆ మాటకి నాకు చివుక్కుమంది. తర్వాత ఎంత వెతికినా అంతకంటే సరైన మాట దొరకలేదు.

మా నాన్న విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తా. చిట్టా, ఆవర్జా రాయడం, సరుకు లెక్క చూడ్డం ఆయన జీతం పని. జీతంలో లేని పని ఇంకొకటి ఉండేది. ఆదివారం పొద్దున్నే అరుగు మీద కూర్చుని పోస్టు కార్డు ముక్కలు రాసేవాడు. అప్పట్లో కార్డు పదిహేను పైసలు. తిరువూరు, నూజివీడు, కైకలూరు, మైలవరం పార్టీలకి, అంటే సరుకు కొనే కొట్లవాళ్ళకి, వారానికి ఎనిమిదో పదో కార్డులు వెళ్ళేవి. కొత్త సరుకు వచ్చిందన్న ముక్క చాలా కార్డుల్లో ఉండేదే కాదు. "మీ రెండో అమ్మాయి పరీక్ష ఎలా రాసింది? మీరడిగిన అంచు పంచెలు ఇంకా రాలేదు, వస్తే తీసి పక్కన పెడతాను." ఇంతే. "ఇంకా రాలేదు" అని చెప్పడానికి కార్డు ఎందుకు నాన్నా, దండగ కదా అని అడిగాను ఒకసారి. "వచ్చాక రాస్తే వ్యాపారం అమ్మా, రాకముందు రాస్తే మనం గుర్తుపెట్టుకున్నామని" అన్నాడు. అర్థం కాలేదు. అప్పుడు నాకు పదేళ్ళు.

ఆ యజమాని కొట్టు మూసేశాక మా నాన్నని పనిలోకి పిలిచిన రెండు కొట్లూ ఆ కార్డులు అందుకున్న పార్టీలు చెప్పినవే.

ఇక నా సంగతి. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లోంచే ఏదో ఒకటి చెయ్యాలని మొదలుపెట్టినప్పుడు ప్రచారం అంటే ప్రొఫైల్ అనుకున్నాను. ఫ్రీలాన్సింగ్ సైట్లలో ఖాతాలు తెరిచాను. డేటా ఎంట్రీ, ఈమెయిల్, సోషల్ మీడియా, కాన్వాలో పోస్టర్లు, ట్రాన్స్‌లేషన్, ట్రావెల్ బుకింగ్, ఇలా మొత్తం ఇరవై మూడు పనులు వచ్చని రాసుకున్నాను. రేటు గంటకి మూడు డాలర్లు. ఇరవై మూడు పనులు మూడు డాలర్లకే చేస్తానంటే ఎవరైనా ఎగబడతారనుకున్నాను. చూసినవాళ్ళకి ఏమనిపించిందో ఇప్పుడు తెలుస్తోంది. ఒకే బండి మీద ఇడ్లీ, నూడుల్స్, జిలేబీ, చేపల పులుసు అన్నీ దొరుకుతాయని రాసి ఉంటే మనం మాత్రం ఆగుతామా?

అప్‌వర్క్ అనే సైటులో ఒక పనికి దరఖాస్తు పెట్టాలంటే "కనెక్ట్స్" అనే టోకెన్లు ఖర్చుపెట్టాలి. ఒక్కోటి పదిహేను సెంట్లు, అప్పటి లెక్కలో పదకొండు రూపాయలు. పనిని బట్టి ఒక్కో దరఖాస్తుకి కొన్ని కనెక్ట్స్ పోతాయి. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నాలుగు నెలల్లో డెబ్బైకి పైగా దరఖాస్తులు పెట్టాను. పని ఒక్కటి దొరికింది. నా పోటీదారులు ఎక్కడివాళ్ళో, ఎంత తక్కువకి చేస్తామన్నారో నాకు తెలియదు. పని ఇచ్చినవాళ్ళకి నా ఊరేదో తెలియదు. ఆ పని అయిపోయాక మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. కనెక్ట్ కొన్నాను గానీ కనెక్ట్ అయింది ఎవరితోనూ లేదు.

ఆ సైట్లు మోసమని నేననడం లేదు. ఫైవర్ అనే ఇంకో సైటులో మనకొచ్చే దాంట్లో 20 శాతం కమీషన్ పోతుంది. అది ముందే చెప్పి తీసుకునేదే. అసలు మోసాలు వేరే ఉన్నాయి. ఆ రోజుల్లోనే "ఇంటి దగ్గర టైపింగ్ పని" అన్న ప్రకటన చూసి 2,500 రూపాయలు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాను. పని పంపారు. పూర్తిచేసి ఇస్తే తప్పులున్నాయన్నారు, ఎగ్రిమెంటు ఉల్లంఘించానని వాట్సాప్‌లో "లీగల్ నోటీసు" పంపి ఇంకో ఆరు వేలు కట్టమన్నారు. రెండు రాత్రులు నిద్ర లేదు. మావారికి కూడా చెప్పుకోలేక టెన్షన్ పడ్డాను. పని ఇచ్చేవాడు మనకి డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేమిటన్న ఇంగితం ఆ క్షణంలో పనిచెయ్యదు. ఇలాంటిది జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. సిగ్గుపడి కూర్చోవద్దు, నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

డల్లాస్ ఆయన దొరికింది వీటి ద్వారా కాదు. మా పిన్ని కూతురు అక్కడుంటుంది. ఇల్లు కొనేటప్పుడు ఆయన కాగితాల్లో తలమునకలై ఉండడం చూసి "మా అక్క ఇలాంటి పనులు చేస్తుందండీ" అంది. ఒక్క మాట. డెబ్బై దరఖాస్తులు చెయ్యలేనిది ఆ మాట చేసింది. అయినా నాకు బుద్ధి రాలేదు. ఆయన్ని పోగొట్టుకున్నాక నేను తీసుకున్న నిర్ణయం, ఇకమీదట ఒక్క మెసేజ్ కూడా మిస్ కాకూడదని. ఎప్పుడు చూసినా నా పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూ ఉండాలని.

అలా ఏడాదిన్నర. ఫోను దిండు కింద, స్మార్ట్ వాచ్ చేతికి. వంటింట్లో, బాత్రూం బయట, పెళ్ళిళ్ళలో తలంబ్రాల దగ్గర కూడా ఆన్‌లైనే. అప్పటికి ఉన్న క్లయింట్లలో ఒకాయన రాత్రి రెండింటికి మెసేజ్ పెడితే రెండూ ఒకటికి జవాబు. ఆయన మొదట్లో ఆశ్చర్యపోయాడు. నెల తిరిగేసరికి అలవాటు పడ్డాడు. ఆర్నెల్లకి, పదిహేను నిమిషాలు ఆలస్యమైతే ప్రశ్నార్థకాలు పంపడం మొదలుపెట్టాడు. నేను నేర్పిన అలవాటే అది. ఒకరోజు మా అబ్బాయి అన్నం ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న నాకు వాట్సాప్‌లో "అమ్మా, పెరుగు" అని మెసేజ్ పెట్టాడు. వాడు వేళాకోళానికే చేశాడు. నేను చటుక్కున చూశాను, అదీ బాధ.

ఈ పని నేర్పుతామనే చాలామంది కలిపేసే రెండు విషయాలు నాకు అప్పుడు విడిపోయి కనిపించాయి. ఆన్‌లైన్‌లో ఉండడం వేరు, టచ్‌లో ఉండడం వేరు. ఆ ఏడాదిన్నరలో నేను రోజుకి పదహారు గంటలు ఆన్‌లైన్‌లో ఉన్నాను. కొత్త పని ఒక్కటీ రాలేదు. ఎందుకొస్తుంది? పాత సహోద్యోగుల్ని పలకరించలేదు. పిన్ని కూతురికి ఫోన్ చేసి ఎనిమిది నెలలైంది. ఇలాంటి పని చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో చూడలేదు. మా నాన్న వారానికి గంటసేపు కార్డులు రాసేవాడు, మిగతా ఆరు రోజులూ ఎవరికీ దొరికేవాడు కాదు. అయినా పార్టీలు ఆయన్ని మర్చిపోలేదు.

తర్వాత చేసినవి చిన్న పనులే. క్లయింట్లందరికీ చెప్పాను: మన టైము మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు, రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర. ఆ మధ్యలో పెట్టినవాటికి అప్పుడే జవాబు, మిగతావాటికి మర్నాడు. ఒకాయన మానేశాడు, మిగిలినవాళ్ళు "సరే" అన్నారు. అంత సులువుగా సరే అంటారని తెలియక ఏడాదిన్నర పాడుచేసుకున్నాను. ప్రొఫైల్లో ఇరవై మూడు పనులు తీసేసి మూడు ఉంచాను. ఆదివారం పొద్దున్న గంటసేపు కార్డులు రాయడం మొదలుపెట్టాను. వాట్సాప్‌లోనే అనుకోండి. కానీ ఫార్వర్డ్ చెయ్యడం, గుడ్ మార్నింగ్ పూలు, "నా సేవలు కావాలంటే సంప్రదించండి" పోస్టర్లు, ఇవేవీ ఉండవు. ఒక్కొక్కరికి విడిగా, వాళ్ళకే చెందిన మాట ఒకటి.

ఈ లెక్క ఎంతవరకు నిజమో 2024 సెప్టెంబరు 1న తేలింది. మాది విజయవాడ సింగ్‌నగర్. బుడమేరు వాగు డైవర్షన్ కాలువకి గండ్లు పడి, ఆ ఆదివారం మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. మేం పైఅంతస్తులో ఉంటాం. కింద వాటా మునిగింది. కరెంటు పోయింది, ఇన్వర్టరు కింద మెట్ల పక్కనే ఉండేది, అదీ పోయింది. రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టుకున్నానని గొప్పగా చెప్పుకునేదాన్ని. రెండూ కరెంటుతోనే నడిచేవి కదా. ఫోన్లో 18 శాతం చార్జింగ్.

అప్పటికి నాకు నలుగురు క్లయింట్లు. మర్నాడు సోమవారం అమెరికాలో లేబర్ డే సెలవు, అదొక్కటే అదృష్టం. లండన్ దగ్గర కూచిపూడి నేర్పే టీచరుగారికి మాత్రం అదే అసలు వారం. అక్కడ సెప్టెంబరు మొదట్లో స్కూళ్ళు తెరుస్తారు, ఆవిడ కొత్త బ్యాచ్‌లూ అప్పుడే మొదలు. సోమవారం వాళ్ళ తొమ్మిదింటికి, అంటే మన ఒకటిన్నరకి, పిల్లల జాబితాలు, ఫీజు మెసేజ్‌లు వెళ్ళాలి.

నాకు ఖమ్మంలో ఒక తోటి గుమాస్తా ఉంది. స్ప్రెడ్‌షీట్లు నేర్పే ఒక ఆన్‌లైన్ క్లాసులో పరిచయం. నాకు జ్వరమొస్తే తను, తనకి పనిబడితే నేను అని మాట అనుకున్నాం. ఒక్కో క్లయింటు గురించి ఒక్కో పేజీ రాసి పెట్టుకున్నాం. ఏ రోజు ఏ పని, ఎవరిని ఎలా పిలవాలి, ఎవరికి ఫోన్ నచ్చదు, ఇలాంటివన్నీ. పాస్‌వర్డులు ఆ కాగితంలో ఉండవు, పాస్‌వర్డ్ మేనేజర్లోంచి అవసరమైనప్పుడే ఇస్తాం. ఈ ఏర్పాటు గురించి క్లయింట్లకి ముందే చెప్పి ఒప్పించాం. చెప్పకుండా చేస్తే అది ద్రోహం కిందికి వస్తుంది.

ఆమెకి మెసేజ్ పెట్టాను. జవాబు: "అక్కా, మా ఇంట్లోకి మున్నేరు వచ్చింది. డాబా మీద ఉన్నాం."

అదే వాన మరి. బ్యాకప్ అంటూ ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నా, ఇద్దరం ఒకే మేఘం కింద ఉన్నామని అప్పటిదాకా ఆలోచించలేదు. చివరికి ఆమే తన చార్జింగ్ అయిపోయేలోపు తిరుపతిలో ఉన్న ఇంకొకామెకి మా ఇద్దరి పేజీలూ పంపింది. ఆ తిరుపతి ఆమెతో నేను అంతకుముందు రెండుసార్లు మాట్లాడానంతే. ఒకసారి వాళ్ళబ్బాయి ఇంటర్ ఫలితాలప్పుడు, ఒకసారి ఊరికే. నేను క్లయింట్లకి ఒక్కో లైను పెట్టి ఫోన్ ఆపేశాను. ఒకటిన్నరకి లండన్ జాబితాలు వెళ్ళాయి. మాకు కరెంటు వచ్చింది ఆరో రోజున. అప్పటిదాకా పడవలో పాల ప్యాకెట్లు, డ్రోన్లతో అన్నం పొట్లాలు, అదంతా వేరే కథ. ఫోన్ వెలిగించి చూస్తే టీచరుగారి మెసేజ్: "పని సంగతి వదిలేయండి, మీరు ఎలా ఉన్నారు?"

తిరుపతి ఆమెకి ఆ ఐదు రోజుల డబ్బూ పంపాను. వద్దంది. పంపాను. ఇక్కడ మొహమాటాలు పెట్టుకుంటే రెండోసారి అడగలేం.

మొహమాటం మాటొచ్చింది కాబట్టి చుట్టాల సంగతి చెప్పాలి. టచ్‌లో ఉండడమంటే ఊరికే చేసిపెట్టడమని మనవాళ్ళలో పెద్ద అపోహ. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా వదినా, మావాడి వీసా ఫారం నింపిపెట్టు." "అక్కా, మా ఓపెనింగ్‌కి ఒక కార్డు డిజైన్ చెయ్యవా, ఐదు నిమిషాల పని." ఐదు నిమిషాల పని ఐదు నిమిషాల్లో చెయ్యడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. ఇప్పుడు చుట్టాలకి నా నియమం ఒకటే: మొదటిసారి ఉచితం, అదీ నేను చెప్పి మరీ. రెండోసారికి రేటు. ఇద్దరు అలిగారు. ఒకరు తర్వాత క్లయింటు అయ్యారు.

ఇదంతా చదివి ఒకరు అడగొచ్చు, నన్ను ముఖం మీదే అడిగారు కూడా: "నీకు డల్లాస్‌లో చెల్లెలుంది కాబట్టి చెబుతున్నావ్. లేనివాళ్ళ సంగతేంటి?" న్యాయమైన ప్రశ్న. మన తెలుగువాళ్ళ పరిచయాలు ఎలా అల్లుకుంటాయో అందరికీ తెలుసు. ఊరు, కులం, కాలేజీ బ్యాచ్. అమెరికా వెళ్ళినా వాట్సాప్ గ్రూపులు ఆ గీతల మీదే నడుస్తాయి. అక్కడ ఎవరూ లేని అమ్మాయికి "నోటి మాటే ప్రచారం" అని నేను నీతులు చెబితే అది అన్యాయం. ఆ అమ్మాయికి సైట్లే మొదటి గుమ్మం, తప్పదు. ముఖం తెలియని చోట కులం కూడా తెలియదు, అది తక్కువ విషయమేం కాదు. నేనడిగేది ఒకటే. ఆ గుమ్మంలో దొరికిన మొదటి ఇద్దరు ముగ్గుర్ని పని అయిపోగానే వదిలెయ్యకండి. మా నాన్నకి తిరువూరులో చుట్టాలెవరూ లేరు, కార్డులే. సైటు ద్వారా వచ్చిన క్లయింటుని వెంటనే బయటికి లాగడానికి మాత్రం నిబంధనలు ఒప్పుకోవు, ఖాతా పోతుంది. కాబట్టి అక్కడే ఉంచి పలకరించండి.

ఇంకో మాట, ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఈమెయిళ్ళు రాసిపెట్టే పని సగం తగ్గింది. నాకు గుబులు పుట్టింది. పెరిగింది ఏమిటంటే ఇక్కడి పని. సిడ్నీలో ఉన్న ఒక దంపతులకి నేను మొదట క్యాలెండర్ చూసేదాన్ని. ఇప్పుడు వాళ్ళ నాన్నగారి వ్యవహారాలు చూస్తున్నాను. ఆయన రిటైరైన రైల్వే గార్డు, సత్యనారాయణపురంలో ఒక్కరే ఉంటారు. ఏటా నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడది ఫోన్లో ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వొచ్చు, కానీ ఎనభై దగ్గరపడిన మనిషికి ఆ యాప్‌లో కళ్ళార్పమన్నప్పుడు ఆర్పడం పెద్ద పరీక్ష. వీడియో కాల్‌లో పక్కనుండి చేయిస్తాను. ఇంటిపన్ను, ఇంటి మీద లావాదేవీలు చూపించే ఈసీ కాగితం తీయించడం, కంటి డాక్టరు అపాయింట్‌మెంటు, లిఫ్టు మెకానిక్‌తో పోట్లాట, అన్నీ. ఈ పనికి ఇంగ్లీషు కంటే తెలుగు ముఖ్యం. "బాబాయిగారూ, బీపీ మాత్ర వేసుకున్నారా" అని ఏ రేటు కార్డులోనూ రాయలేదు, అడుగుతాను.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. విదేశాల నుంచి వచ్చే ప్రతి పైసాకీ బ్యాంకు ద్వారా రుజువు కాగితం ఉంచుకోండి. సేవలకి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైటులో పూర్తిగా ఉచితం, వేలు అడిగేవాళ్ళకి ఇవ్వకండి. మిగతాది ఒక మంచి ఆడిటర్ని అడగండి. ఆయనకి ఫీజు ఇవ్వండి, మొదటిసారి కూడా.

డల్లాస్ ఆయన సంగతి మిగిలింది. 2022 మార్చిలో, రెండో ఆదివారానికి ముందు శనివారం, ఆయనకి ఒక మెసేజ్ పెట్టాను. "రేపు మీ గడియారాలు గంట ముందుకి. పోయినేడు నేను మర్చిపోయాను, ఈసారి గుర్తుంది." జవాబు లేదు. 2023లో పెట్టాను, నవ్వు బొమ్మ ఒకటి వచ్చింది. 2024లో "థాంక్స్ అండీ" అన్నారు. 2025 వచ్చేసరికి, ఈ ఏడెందుకులే, ఎగతాళి అనుకుంటారేమో అని మావారు. కార్డు కార్డే, రాసెయ్యి అని మా నాన్న.

2025 మార్చి 8న రాశాను. అరగంటలో ఫోన్ మోగింది. "ఈసారి మీరు చెప్పకముందే మార్చేశానండీ," అన్నారు నవ్వుతూ. కాసేపాగి, "మా అమ్మగారికి వచ్చే నెల మోకాలి ఆపరేషన్. ఆవిడ గుడివాడలో ఉంటారు, ఆపరేషన్ విజయవాడలో. నేను రెండు వారాలకి మించి ఉండలేను. తర్వాత ఫిజియోథెరపీ, చెకప్‌లు, మందులు... మీరు చూసుకోగలరా?"

అమ్మగారి పేరు, మందుల జాబితా, డాక్టరు చెప్పిన తేదీలు రాసుకున్నాను. కాల్స్ డల్లాస్ టైములో పెట్టాను. రేటు చెప్పాను.